బూట్లు కడిగిన నీళ్లు

మా స్వచ్ఛంద సంస్థ పెద్దసారు ఒకసారి యూరప్ వెళ్లొచ్చాడు. ఆ తర్వాత “అక్కడైతేనా...” అనకుండా నోరు తెరిచేవాడు కాదు. అక్కడైతేనా అందరూ సైకిళ్లే తొక్కుతారట, చుక్క నీరు కూడా వృథా చెయ్యరట. గద్వాలలో వీధి చివరి హోటల్‌కు కూడా ఆ మహానుభావుడు ఏసీ కారులోనే వెళ్లేవాడు.

తుంగభద్ర అలంపూర్‌ను ముంచిన ఏడాది, తాగునీళ్ల సీసాలు కారులో వేసుకుని ఆయనతో నేనూ వెళ్లాను. బడిలో తలదాచుకున్న జనాన్ని బయటికి పిలిచి ఆయన మొదలుపెట్టాడు.

“అక్కడైతేనా, నదికి జాగా వదిలి ఇళ్లు కట్టుకుంటారు. మీరూ నేర్చుకోవాలి.”

ఇల్లు కూలిపోయిన ఒకామె, చంకలో బిడ్డతో ముందుకొచ్చింది.

“గదంత తర్వాత చెప్పు సారూ. పొద్దుగాల్నుంచి పిల్లకు తాగనీకె నీళ్లు లెవ్వు. జర జల్ది ఇయ్యి.”

“ఓపిక పట్టాలమ్మా,” అంటూ ఆయన డిక్కీలోంచి ఒక సీసా తీసి మూత తిప్పాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన వంగి, ఆ నీళ్లతో తన బూట్లకంటిన బురద కడుక్కున్నాడు.

ఆమె బిడ్డను నా చేతికిచ్చి, సీసాల పెట్టె తానే ఎత్తుకుని బడిలోకి నడిచింది. బిడ్డతో నేనూ, జనమంతా ఆమె వెంట కదిలాం.

“లైన్లో రావాలి, లైన్లో!” అని సారు అరిచాడు.

తళతళలాడే బూట్లతో ఆయనొక్కడే ఆ బురదలో మిగిలాడు.