బొమ్మలో లేని కిటికీ

నా చిన్నప్పుడు, ఏడేళ్ళుంటాయేమో, నాకు అమ్మవారు పోసింది. వెనక గదిలో చాప మీద వేపాకు పరిచి, కిటికీకి దుప్పటి కట్టి, తలుపు మూసేశారు. అప్పటికి మా తమ్ముడు పుట్టి పది రోజులే. వాణ్ణి సరిగ్గా చూడనైనా లేదు నేను. గోడ అవతల వాడు ఏడిస్తే ఇవతల నేను ఏడ్చేదాన్ని.

తోడుగా మా పిన్ని ఉండేది. ఆమెకు చిన్నతనంలోనే పోసి తగ్గిందట, అందుకని భయం లేదు. ఆరో రోజుకి నాకు పిచ్చెక్కినట్టయింది. తలుపు గడియ నాకు అందుతుంది. పిన్ని కునుకు తీస్తే చాలు, ఒక్క పరుగున వెళ్ళి తమ్ముణ్ణి ముద్దు పెట్టుకుని వచ్చేద్దామనుకున్నాను. నేను ముట్టుకుంటే వాడికీ సోకుతుందని, పసిగుడ్డు తట్టుకోలేడని అందరూ చెబుతూనే ఉన్నారు. నా చెవికెక్కితేగా!

నా చూపు గడియ మీదే ఉండడం పిన్ని కనిపెట్టింది. తిట్టలేదు. ట్రంకుపెట్టె అడుగునుంచి ఒక కాగితం తీసింది. ఆమెకు బొమ్మలు నేర్పిన మాస్టారు ఏదో పాత పుస్తకంలోది ఇచ్చారట. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట హాలెండ్ దేశంలో ఎవరో పెన్సిల్‌తో గీసిన బొమ్మ. ఒకావిడ పీట మీద వీపు ఇటు తిప్పి కూర్చుంది. అంతే. ముఖం లేదు, రంగు లేదు.

"ఇదేం బొమ్మ పిన్నీ, అలిగి కూర్చున్నట్టుంది" అన్నాను.

"ఆవిడా నీలాగే గదిలో ఉందే. ఆ గదికి కిటికీ ఎటుందో చెప్పు. చెప్పావంటే నీకు తమ్ముణ్ణి చూపిస్తాను."

బొమ్మలో కిటికీ లేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. వేరే పని లేదు కనుక చూస్తూనే ఉన్నాను. మెడ దగ్గర మొదలైన గీత నడుము దాకా ఒక్క ఊపులో దిగింది. భుజం దగ్గర ఒత్తుగా ఉన్నది, కిందికి వచ్చేసరికి ఉందో లేదో అన్నంత సన్నబడింది. వీపుకి కుడివైపు ఏటవాలు గీతలు, జోరువానలా దగ్గరదగ్గరగా. నడిమికి వచ్చేసరికి ఎడం ఎడంగా. ఎడమ భుజం మీద ఒక్క గీతా లేదు, ఉత్త కాగితం. బట్ట మడతల్లోనూ అదే తీరు.

రెండు రోజులు పట్టింది. గీత లేనిచోటల్లా వెలుగు పడుతోందని మూడో రోజు పొద్దున తట్టింది. పసుపు రాసిన నా వేలిని బొమ్మ దాటి, ఎడమ అంచున ఖాళీ కాగితం మీద పెట్టి, "ఇక్కడుంది!" అని అరిచాను.

పిన్ని లేచి మా కిటికీ దుప్పటి విప్పేసింది. పెరట్లో, అంత దూరాన, అమ్మ తమ్ముణ్ణి ఎండలోకి ఎత్తి పట్టుకుంది. వాడికి ఒక బుగ్గ మీద వెలుగు, రెండో బుగ్గ మీద నీడ. నాకు తగ్గి తలకు నీళ్ళు పోసేదాకా మళ్ళీ గడియ వంక చూడలేదు. తమ్ముడికేమీ కాలేదు. ఇప్పుడు బట్టతలతో వీడియో కాల్‌లో కనిపిస్తే, "కిటికీ వైపు తిరగరా, ముఖం కనపడడం లేదు" అంటుంటాను.

అంటు పోయేలా ఎండబెట్టి, నేను దాచుకున్న ఆ కాగితం ఇప్పుడు అమెరికాలో, శాన్ రామన్‌లో మా అమ్మాయి ఇంట్లో, నా గదిలో ఉంది. పొద్దున్నే రెండు కార్లూ వెళ్ళిపోతాయి. నాకు డ్రైవింగ్ రాదు, వీధిలో ఎవరినైనా పలకరించే భాషా రాదు. సాయంత్రం దాకా ఈ గోడలూ నేనూ.

మొన్న మా మనవరాలు చూసింది. "అమ్మమ్మా, ఈ యెల్లో స్టెయిన్ ఏంటి? ఇరేజ్ చేయనా?"

"వద్దే తల్లీ, అది కిటికీ."

"కిటికీ? అక్కడ నథింగ్ ఉంది కదా!"

"అయితే నువ్వే వెతుకు" అని కాగితం చేతికిచ్చాను. ఇంకా వెతుకుతోంది.

నేను మాత్రం ఆనాటినుంచీ ఏ గదిలో ఉన్నా ముందు వెలుగు ఎటునుంచి వస్తోందో చూస్తాను. చూసి, నా కుర్చీ అటు జరుపుకుంటాను.