మామ్మ భుజాల్లో కుంపట్లు

మన్యం కొండల్లో మా డుంబ్రిగుడ చలిలో కొబ్బరినూనె సీసాని చంటిపిల్లలా చంకలో పెట్టుకుంటే గాని నా నెత్తికి చుక్క దక్కదు. ఆ చలి కోసమే పట్నం నుంచి ఓ పరిశోధక బృందం వచ్చింది. మన ఒంట్లో గోధుమరంగు కొవ్వని ఒకటి ఉంటుందట. చలేస్తే అది మండి వేడి పుట్టిస్తుందట. మెడ కింద, భుజాల దగ్గర దాని కాపురం. వేడిని ఫొటో తీసే కెమెరాతో అది ఎవరిలో ఎంత పనిచేస్తోందో చూస్తారు. ఊరి బడి పంతుల్ని కదా, జనానికి విడమరిచి చెప్పే పని నాకిచ్చారు. ఉన్నదానికి పదింతలు కలిపి చెప్పే నాకు ఆ పని ఇవ్వడమంటే, మేకకి తోట కాపలా అప్పగించడమే.

బడి పక్కింటి మామ్మ వంతు వచ్చింది. చన్నీళ్లలో చేతులు ముంచి కూర్చుంది. తెర మీద ఆమె మెడ పక్కన చిన్న పసుపు మచ్చ కనిపించింది. కొద్దిగా ఉందని, ఈ వయసుకి ఇంతేనని కెమెరా పట్టుకున్న అమ్మాయి మెల్లగా నాతో అంది. నేను జనం వైపు తిరిగి, మామ్మ భుజాల్లో రెండు కుంపట్లున్నాయని, ఊరంతా అక్కడే చలి కాచుకోవచ్చని, మిలట్రీ వాళ్లకి తెలిస్తే మంచుకొండలకి ఎత్తుకుపోతారని ప్రకటించాను. అందరూ పడీపడీ నవ్వారు. మామ్మ నవ్వలేదు. పైట సర్దుకుని మహారాణిలా లేచింది.

కొన్నాళ్లకి వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి పక్క చోటు ఎప్పుడూ మామ్మదే. ఇప్పుడక్కడ మనవలున్నారు. మామ్మ గాలి కొట్టే గుమ్మం దగ్గర, పల్చటి చీరలో వణుకుతోంది. దుప్పటి కూడా మనవరాలికి ఇచ్చేసిందట. పొయ్యి దగ్గరికి రమ్మన్నాను.

"నాకేటి సలి మేస్టారూ? నా బుజాల్లో నిప్పున్నాదని నువ్వే సెప్పినావు గదా. పిల్ల గుంటలకి లేదు, పాపం."

పక్కనున్న కొడుకు గర్వంగా తలూపాడు. ఎలకని ఏనుగు చేయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ ఏనుగుని మళ్లీ ఎలకని చేసే విద్య మాత్రం రాదు. ఇంతలో మామ్మ దగ్గింది, ఆగకుండా దగ్గింది. చెప్పేశాను. కుంపట్లు లేవని, ఉన్నది అగ్గిపుల్ల వెలుగంతేనని, మిగిలిందంతా నా కోతలని.

కొడుకు పిల్లల్ని జరిపి, తల్లిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దుప్పటి కప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మరి అంతమంది ముందు ఎందుకలాగ సెప్పారండి?"

మామ్మ నా వైపు చూడకుండా పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

ఇప్పటికీ బడికి వెళ్తూ పలకరిస్తాను. ఇదివరకైతే నన్ను ఆపి, ఇంకో గొప్ప చెప్పమని అడిగేది. ఇప్పుడు దుప్పటి మెడదాకా లాక్కుని, "బేగి ఎల్లు మేస్టారూ, పిల్లలు సూస్తంటారు" అంటుంది.