నూరు గంటల తర్వాత కూలి

పందొమ్మిది వందల యాభై ఆరులో నాకు పోయినవి ఇవి: ఎకరం మిరపతోట, రెండుసార్లు మార్చిన పిస్టన్ రింగులు, పందొమ్మిది రోజుల నీళ్లు. ఆళ్లగడ్డలో మా బావి మీది డీజిల్ ఇంజను ఆగిపోయి, మిగిలిన ఎకరం కూడా వాడిపోతోంది. మద్రాసు రేవులో పడవల ఇంజన్లు బాగుచేసి వచ్చిన మేస్త్రి ఒకాయన నంద్యాలలో ఉన్నాడంటే పిలుచుకొచ్చాను.

ఆయన వస్తూనే పానా పట్టలేదు. ఇంజనులోని నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

"ఎన్ని గంటలు తిరిగినాక నూనె మారుస్తాండావప్పా?"

"మూడు నూర్లకు. నూరుకే మారిస్తే ఖర్చు కదన్నా."

"సముద్రంలో ఇంజను నిలిస్తే దిగి నడిచేదానికి నేల యాడుంది? ఆడ ఎవరూ నూనె మిగిలించరు."

రింగులు విప్పి కడిగి, పాత నూనె తీసేసి కొత్తది పోశాడు. సాయంత్రానికి ఇంజను నడిచింది. కూలి పద్దెనిమిది రూపాయలు ఇవ్వబోతే చెయ్యి చాపలేదు.

"నూరు గంటలు చెడకుండా తిరిగినాక ఇయ్యి. అంతవరకు అది బాగైనట్టు కాదు."

మిగిలిన తోట బతికింది. నూరో గంటకు నూనె మార్చి, డబ్బు తీసుకుని నంద్యాల పోయాను. ఆయన గది ఖాళీగా ఉంది. ఎక్కడికి పోయాడో పక్కింటివాళ్లకూ తెలియదు. ఇంజను తిరుగుతుందని అంత నమ్మకమున్న మనిషి కూలికి ఎందుకు ఆగలేదో నాకు అర్థం కాలేదు. ఆ పద్దెనిమిది రూపాయలు ఇప్పటికీ బాకీయే.