ముద్ర పడిన చీటీ

డెబ్బైల చివర్లో, తిరుపతిలో మా వీధి మలుపున మందుల షాపు నడిపినాయనను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మందు ఇచ్చిన చీటీ మీద, డాక్టరు సంతకానికి పైన, షాపు ముద్ర కొట్టి తారీఖు వేసేవాడు. ముద్ర పడ్డాక, మళ్లీ ఇవ్వమని డాక్టరు రాసి ఉంటే తప్ప, ఆ చీటీకి ఇంకోసారి మందు ఇవ్వడు. చట్టం అలా ఉందట.

మా చెల్లెలికి మూర్ఛ. ఒక ఆదివారం మాత్రలు అయిపోతే పరుగెత్తాను. ఆయన చీటీ చూసి, మడతపెట్టి, నా చొక్కా జేబులో పెట్టాడు. ఎవరికైనా అంతే, అది ఆయన అలవాటు.

"దీనికి ఒకసారి ఇచ్చేసినారప్పా. మళ్లా రాయించుకోని రా."

"డాక్టరు వేలూర్లో ఉండాడు. మాత్రలు నీ వెనకాలే కనబడతా ఉండాయి గదన్నా!"

"ఉండాయిలే. చట్టం ఒప్పుకోదు."

చట్టం చేసినోళ్ల ఇళ్లలో రోగాలు రావా అని అరిచి, పక్క షాపుకు పోయాను. చీటీ తీయబోతే "అదెందుకబ్బా?" అంటూ అతను మాత్రలు పొట్లం కట్టేశాడు. ఆ షాపు ఎప్పుడూ కిటకిటలాడేది. ఈయన ఈగలు తోలుకునేవాడు.

కొన్నాళ్లకు పెద్దాసుపత్రి వరుసలో, గోడకు ఆనుకుని ఆయన కనిపించాడు.

"ఈడ నిలబడినావేమన్నా?"

"తల తిరగతా ఉండాదప్పా. బీపీ మాత్రలకు చీటీ రాయించుకోవాల."

"నీ షాపులో లేవా?"

"డబ్బాలకు డబ్బాలు ఉండాయి."

అంతలో కాంపౌండరు బయటికొచ్చి, డాక్టరు ఈరోజు రాడన్నాడు. ఆయన చేతిలోని ముద్ర పడిన పాత చీటీని మడతపెట్టి, ఈసారి తన జేబులోనే పెట్టుకుని, షాపు తెరవడానికి వెళ్లిపోయాడు.