ఒక్కపొద్దు అన్న మాట

మా సిస్టరమ్మ పోయింది. మంగళవారం పొద్దున నేను ఆస్పత్రి షట్టరు పైకి లేపుతుండగా వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క లేదు పాపా" అని ఒక్క మాట చెప్పి, ఏడ్చి, పెట్టేసింది. తెల్లవారుజామున గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రం కూడా నాతోనే ఉంది. "దూది అయిపోవచ్చింది, రేపు తెప్పియ్యి" అని చెప్పి చెప్పులేసుకుని వెళ్ళింది. సగం లేచిన షట్టరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మెట్ల మీద అప్పటికే ఒక పెద్దాయన దవడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ఏమ్మా, తెరిసేది ఉండాదా లేదా?" అని కసిరాడు. తెరిచాను.

చిత్తూరులో నోటి ఆపరేషన్లు చేసే చిన్న ఆస్పత్రి మాది. ఆమె నర్సు. నేను కౌంటర్లో పేర్లు రాసి, ఫోన్లు ఎత్తే మనిషిని. పదకొండేళ్ళు ఒకే గోడకు అటూ ఇటూ పనిచేశాం. పోయినవాళ్ళను తలుచుకునే ఆదరణ కూడిక రోజున పంచే చిన్న పుస్తకంలోకి ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని చర్చివాళ్ళు నన్ను అడిగారు. మంచి మాటలకు కొదవ లేదు. కానీ ఆమె తొమ్మిదేళ్ళు ఒక నింద మోసింది. ఆ నింద నాది. అది రాయకుండా మంచి మాటలు మాత్రం రాస్తే ఆమెను రెండోసారి పూడ్చినట్టే. ఇది అచ్చయ్యాక మా డాక్టరుగారు నన్ను ఉంచుతారో పంపిస్తారో తెలియదు. రాస్తున్నాను.

మీలో ఎవరైనా మా దగ్గర పన్ను పీకించుకుని ఉంటే ఆమె మీకు గుర్తుండే ఉంటుంది. పొట్టి మనిషి, గొంతు మాత్రం బజారు దాకా వినిపించేది. పన్ను పీకాక పేషెంటును బయటి గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, దూది గట్టిగా కరిపించి, ఎదురుగా నిలబడి వేలు చూపిస్తూ మొదలుపెట్టేది. ముప్పావుగంట కరిచి పట్టుకోవాలి. మాటలొద్దు. ఉమ్మొద్దు.

ఈ ఉమ్మొద్దు దగ్గరే రోజూ యుద్ధం. మామిడికాయల మండీలో పనిచేసే ఒకాయన ఆమె అటు తిరగగానే మెట్ల మీదికి పోయి, తుపుక్కు తుపుక్కుమని ఊస్తున్నాడు. ఆమె చూసింది.

"ఏమప్పా, పన్ను పోయిన గుంతలో రక్తం గడ్డకట్టాల. అదే దానికి మూత. నువ్వు ఊసి ఊసి ఆ మూత ఊడబెరుక్కుంటే ఎముక బయటపడతాది. మూడో దినం ఆ నొప్పికి చెవుదాకా పట్టుకొని ఏడుస్తా వస్తావు."

"నోట్లో రక్తం పెట్టుకొని మింగమంటావా తల్లీ?"

"మింగప్పా. నీ రక్తమే గదా, పక్కింటోళ్ళదా?"

ఆయన మింగాడు. నోటి నిండా దూది పెట్టుకుని నవ్వలేక అవస్థ పడ్డాడు.

ఆ రోజంతా పుక్కిలించకూడదనీ, మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు మెల్లగా తిప్పి వదలాలనీ చెప్పేది. బీడీ తాగేవాళ్ళ జేబులు తడిమేది. టెంకాయ నీళ్ళు తాగమనేది గానీ గొట్టం పెట్టి పీలిస్తే ఊరుకునేది కాదు, ఆ పీల్పుకు కూడా గడ్డ లేచిపోతుందట. మత్తు దిగేదాకా ఏమీ తిననిచ్చేది కాదు. పెదవి మొద్దుబారి ఉంటే అన్నమనుకుని పెదవినే నమిలేస్తారు, చిన్నపిల్లలైతే మరీను. దిగాక చల్లారిన గంజో, పెరుగన్నమో. జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళకు మాత్రం ఇంకో మాట ఉండేది. "వాపు రేపు, ఎల్లుండి ఎక్కువవుతాది, బెదరొద్దు. పైన దవడకు ఐసు పెట్టు. మూడు దినాలు దాటినాంక గూడా పెరగతా ఉంటే, జొరమొస్తే, నోరు తెరుచుకోకుంటే పరిగెత్తుకోని రా. మింగలేకపోతే, ఊపిరి ఆడకపోతే ఈడికి రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పో." ఆ చివరి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గేది.

ఆమె వింతగా అడిగేది. మందులేమైనా వాడుతున్నావా అని అందరూ అడుగుతారు. ఆమె "సంచి ఇటియ్యి" అనేది. ఒకసారి శ్రీకాళహస్తి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, మందులు ఏవీ లేవని నా ఎదుటే రెండుసార్లు చెప్పింది. సిస్టరమ్మ సంచి బల్ల మీద బోర్లించింది. వక్కాకు, బస్సు టికెట్టు, మూడు రకాల బిళ్ళలు పడ్డాయి. వాటిలో ఒకటి రక్తం పల్చబడేది.

"ఇవేంది పెద్దమ్మా?"

"ఇవి మందులు కాదు గదా తల్లీ, దినామూ ఏసుకునేటివి."

నేను నవ్వాను. సిస్టరమ్మ నవ్వలేదు. "ఆమె అబద్ధం చెప్పలేదు పాపా. మనం అడిగింది సరిగా లేదు" అంది. బిళ్ళలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ మాత్రం, "పన్ను పీకించుకునేదానికి ఆ బిళ్ళ ఆపేస్తాలే" అంటే సిస్టరమ్మ ఒంటికాలి మీద లేచింది. "నీ అంతట నువ్వు ఆపితే గుండెకు చేటు. రాసిచ్చిన డాక్టరును అడక్కుండా ఒక్క పూట గూడా ఆపొద్దు" అని ఒట్టు వేయించుకుంది.

అలా అడగడం ఆమె ఎక్కడ నేర్చుకుందో ఇప్పుడు చెప్పాలి.

తొమ్మిదేళ్ళ క్రితం ఆమె లోపల ఆపరేషన్ గదిలో పనిచేసేది. నగరిలో మరమగ్గాల మీద నేసే ఒకాయనకు కింది దవడలో నీటితిత్తి కనబడింది. ప్రాణం తీసే జబ్బు కాదు. దవడ ఎముక మీద పని కాబట్టి పూర్తి మత్తు ఇవ్వాలన్నారు. ఆపరేషన్ శనివారం పొద్దున. ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు, పాలు తాగకూడదు, తెల్లారాక నీళ్ళు కూడా మింగకూడదు అని ఫోన్ చేసి చెప్పమని డాక్టరు శుక్రవారం నాకు చెప్పాడు. చేశాను. ఆయన భార్య ఎత్తింది. వెనక మగ్గాల మోత. నేనొకటంటే ఆమె "ఏంది? ఏంది?" అంటోంది. కౌంటరు ముందు పదిమంది నిలబడి ఉన్నారు. నాకు విసుగొచ్చింది.

"ఒక్కపొద్దు అక్కా! ఒక్కపొద్దు ఉండమను!" అని అరిచాను.

"ఓ, ఒక్కపొద్దా! శెనివారం గదా, ఎట్లాగూ ఉంటాడు లే" అని నవ్వి పెట్టేసింది.

ఒక్కపొద్దంటే ఏమిటో మన జిల్లాలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నం ముట్టరు. పాలు తాగవచ్చు, పండు తినవచ్చు, అవి తిన్నట్టు లెక్క కాదు. ఆయన తెల్లారి స్నానం చేసి, నామం పెట్టుకుని, పెద్ద లోటాడు పాలు తాగి, రెండు అరటిపండ్లు తిని మొదటి బస్సెక్కాడు. ఆపరేషన్ గది వాకిట్లో సిస్టరమ్మ అడిగింది, "ఏమన్నా తిన్నావా నాయనా?" "లేదు సిస్టర్, ఒక్కపొద్దు." మత్తు డాక్టరు అడిగాడు. అదే జవాబు. ఆయన అబద్ధం చెప్పలేదు.

మత్తు ఎక్కుతుండగా కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. అంబులెన్సులో తిరుపతికి తీసుకెళ్ళారు. ఐదో రోజు చనిపోయాడు.

ఇది చదివేవారిలో రేపు ఎవరికి ఆ బల్ల మీద పడుకునే పని పడుతుందో తెలియదు. పూర్తి మత్తు ఇస్తామన్నారంటే పాలు, కాఫీ, అంబలి, పండు, గుడిలో ఇచ్చిన తీర్థప్రసాదం, అన్నీ తిండే. నీళ్ళు ఎప్పటిదాకా తాగవచ్చో మత్తు డాక్టరునే అడగండి. పొరపాటున ఏదైనా మింగి ఉంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఆపరేషన్ ఇంకో రోజుకు జరుగుతుంది, అంతే. ఒట్టి పన్ను పీకడానికి దవడ వరకే మత్తిస్తే మాత్రం ఇంత తిని రమ్మనేది సిస్టరమ్మ. ఖాళీ కడుపుతో వచ్చి కుర్చీలోనే కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

నగరి ఆయన పోయాక డాక్టరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "పాలు తాగి వచ్చినాడంట. ఒక్కపొద్దు అని వాళ్ళకు ఎవరు చెప్పినారు?" అన్నాడు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు, చంకలో పసిబిడ్డ, మా ఆయనకు పని లేదు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను.

"నేనే సార్ చెప్పినా. పాప ముందర జనం ఉంటే ఆ ఫోను నేనే తీసుకున్నా" అంది సిస్టరమ్మ.

నేను తలెత్తలేదు. ఆ సాయంత్రమే నగరి నుంచి చనిపోయినాయన భార్య వచ్చింది. ఎవరన్నారో చెప్పమంది. సిస్టరమ్మ ముందుకు వెళ్ళి, "నేనే మే" అంది. ఆ భార్య ఆమె చెంప మీద ఈడ్చి కొట్టింది. నేను కౌంటరు వెనక రిజిస్టరు పట్టుకుని నిలబడే ఉన్నాను.

అందరూ వెళ్ళాక, "ఎందుకట్లా చెప్పినారు?" అని ఏడ్చాను. "నువ్వు అన్నావు. నేను విన్నా. ఒక్కపొద్దంటే మీ ఇండ్లల్లో పాలు తాగతారని నాకు తెలీదా? తెలిసీ అడగలేదే! ఇన్నేండ్ల సర్వీసు పెట్టుకొని. నన్నయితే లోపల్నించి తీసేసి బయట కూసోబెడతారు. నిన్నయితే ఇంటికి పంపిస్తారు. పో, బిడ్డకు పాలిచ్చే యాళయ్యింది." ఆమె చెంప ఇంకా కందిపోయే ఉంది.

ఆమె అన్నట్టే జరిగింది. ఆపరేషన్ గది నుంచి తీసేసి బయటి గదిలో దూది పెట్టే పనికి వేశారు. మండీ ఆయనతో, పెద్దమ్మతో ఆమె పోట్లాడిందని రాశానే, అదంతా ఆ తరువాతదే. లోపల ఆమెకు ఎంత పేరుండేదో డాక్టరును అడగండి. మళ్ళీ ఎప్పుడూ లోపలికి పిలవలేదు, ఆమె కూడా అడగలేదు.

నెలకొక ఆదివారం ప్రార్థన అయ్యాక నగరి బస్సెక్కేది. ఆ ఇంటికే. మొదటిసారి వాళ్ళు తలుపు తీయలేదట. రెండోసారీ తీయలేదట. ఆ మొదటి ఏడాదిలోనే రెండుసార్లు, "వస్తావా పాపా?" అని నన్ను అడిగింది. ఒకసారి బిడ్డకు జ్వరమన్నాను. ఒకసారి చుట్టాలన్నాను. తర్వాత అడగడం మానేసింది. భయం, సిగ్గు, ఏ పేరైనా పెట్టుకోండి, నేను పోలేదు. ఆమె మాత్రం సోమవారం పొద్దున ఎప్పటిలాగే వచ్చి, "టీ చెప్పినావా?" అనేది. ఒక్కసారైనా దెప్పి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

బుధవారం సమాధుల తోటలో మట్టి వేశారు. మట్టి వేసేవాళ్ళ వరుసలో ఆ నగరి అక్క ఉంది. జుట్టు నెరిసింది గానీ చూడగానే గుర్తుపట్టాను. జనమంతా కదిలాక ఆమె గేటు వైపు నడిచింది. వెనకే వెళ్ళాను. రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే పక్కన నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నది ఉన్నట్టు అన్నాను.

"అక్కా, ఆ దినం ఫోన్లో ఒక్కపొద్దని చెప్పింది సిస్టరమ్మ కాదు. నేను."

ఆమె నావైపు తిరిగింది. ఏడవలేదు. అరవలేదు.

"నువ్వా" అంది. "ఆమె కాదని నాకు ఎప్పుడో తెలుసు. ఇన్నేండ్లు నా ఇంట్లో కూసునింది, ఒక్కపొద్దనే మాట ఆమె నోట్లో నేను ఇన్లేదు. సర్చికి పోయేటోళ్ళు దాన్ని ఉపవాసమనే అంటారు గదా. ఎవురో సెప్పమని నాలుగైదు తూర్లు అడిగినా. నేనే మే, నేనే మే అంటాదే గానీ సెప్పలేదు. తప్పు మనిసిని కొట్టినానని ఎన్ని దినాలు ఏడిసినానో నాకే తెలుసు."

నేను చేతులు జోడించాను. ఆమె ఆ చేతుల వైపు చూడలేదు.

"సరే, నోరు జారినావు. ఎవురికైనా జారతాది. ఆమె తొమ్మిదేండ్లు వచ్చింది. నువ్వు రాలేదేం?"



బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. ఏమనుకున్నానో తెలియదు, నేనూ ఎక్కాను. మధ్యాహ్నపు బస్సు, సగానికి పైగా ఖాళీ. ఆమె కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చేతిసంచి పెట్టుకుంది. కండక్టరు వచ్చి, "ఏమ్మా, అన్ని సీట్లుండాయి గదా, కూసో" అన్నాడు. నేను ఆ సంచి వైపే చూస్తున్నాను. ఆమె దాన్ని తీయలేదు, నన్ను దిగమనీ అనలేదు. నగరి వచ్చేదాకా ఆ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.