తెలుగుకు సమానమైన సబ్జెక్టు లేదట

నేను మద్రాసులో మనలి దగ్గరి కాలేజీలో మొదటి సంవత్సరం ముగించగానే మా ఇల్లు పురసవాక్కానికి మారింది. రోజూ అంత దూరం బస్సులో నలగలేక, ఇంటి దగ్గరి కాలేజీకి మారదామనుకున్నాను. టీసీ అంటే తెలుసు. ఎన్‌ఓసీ అంటే మాకు అభ్యంతరం లేదని రెండు కాలేజీలూ రాసిచ్చే కాగితమని తెలుసుకున్నాను. ఈక్వివలెన్స్ అన్న మాటను మాత్రం పట్టించుకోలేదు. అక్కడ చదివిన సబ్జెక్టుకు ఇక్కడ ఏది సమానమో చూస్తారట. చూసుకోనీ, అన్నింట్లో పాసే కదా అని నా ధీమా.

స్కూల్లో నేను చదివింది హిందీ. తమిళం వీధిలో వచ్చింది కాబట్టి మాట్లాడతాను, రాయలేను. కాలేజీలో భాషగా తెలుగు తీసుకున్నాను. మా ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది అవ్వ ఒక్కతికే. ఒత్తు తప్పితే తొడ మీద గిల్లుతూ ఏడాదంతా ఆమే నేర్పింది. చివరికి అన్నింటికన్నా ఎక్కువ మార్కులు తెలుగులోనే వచ్చాయి. ఆ సంగతి అవ్వ వీధి వీధంతా చాటింది.

కొత్త కాలేజీ ఆఫీసులో ఒకాయన నా సబ్జెక్టులు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చి తెలుగు దగ్గర ఆగాడు.

"ఇది రాదు పాపా. ఈడ తెలుగు లేదు గదా. దానికి బదులు మొదటి ఏడాదివి రెండు తమిళ్ పేపర్లు రాయాల. అందాకా అరియరే."

మద్రాసులో తప్పిన పరీక్షను అరియర్ అంటారు.

"నేను తప్పలేదు సార్! దాంట్లోనే ఎక్కువ మార్కులు."

"పాసే పాపా, ఎవురు కాదన్నారు? ఆనా ఈడ దానికి సమానం లేదు. మా ఇంట్లోనూ తెలుగే. మా పిలకాయలకు అక్షరం ముక్క రాదు, ఏమైపోయినారు?"

నాకు ఒళ్ళు మండింది. తెలుగు లేదని తెలుగులోనే చెబుతున్నాడు, పైగా ఓదారుస్తున్నాడు! అరుద్దామంటే ఆయన పెట్టిన రూలు కాదు. వెనక్కి పోదామంటే పాత కాలేజీలో టీసీ తీసేసుకున్నాను.

ఇంట్లో చెబితే అమ్మ, "రెండు పరీక్షలే కదా, రాసేయ్" అంది. పక్కన కరివేపాకు దూస్తున్న అవ్వ చేయి ఆగిపోయింది.

"అరియరంటే ఫెయిలయినోళ్ళకు గదే?"

"నేను ఫెయిల్ కాలేదవ్వా. ఆ చదువు ఈడ లెక్కలోకి రాదంట, అంతే."

అవ్వ కరివేపాకు రెమ్మ పక్కన పెట్టింది.

"నేను నీకు సరిగ్గా నేర్పలేదంటనా?"

కాదవ్వా, కాదు అంటూ ఆమె చేయి పట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నేర్పిన తెలుగంతా వెతికినా, ఈక్వివలెన్స్ అన్న మాటను ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.