బోణీ కాదన్న రుబియెం

లాసెం అనే ఊళ్లో బాతిక్ అద్దకం చేసే ఆడవాళ్లకు దగ్గు కొత్త కాదు. పొద్దస్తమానం కరిగిన మైనం మూకుడు ముందు కూర్చుని, ఆ పొగ పీలుస్తూ, మైనంతో గీసే కలం ముక్కు మూసుకుపోయినప్పుడల్లా నోటితో ఊదుతూ ఉంటే గొంతు గరగరలాడకపోతేనే వింత. ఆ గొంతులన్నిటికీ దిక్కు రుబియెం. జమూ అనే నాటుమందు సీసాల బుట్టను పొడవాటి గుడ్డతో వీపున కట్టుకుని పొద్దున్నే వచ్చేది. నానబెట్టిన బియ్యం, పచ్చి కచ్చూరం, అల్లం దంచి తాటిబెల్లంతో కలిపిన ఆ మందు గొంతు దిగుతుంటే ఛాతీలో వెచ్చగా పాకేది.

జమూ అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, రుబియెం హస్తవాసి వేరు. కోపంగా ఉన్నప్పుడు ఆమె రోలు ముట్టేది కాదు. మొగుడితో తగువు వస్తే అది తేల్చుకుని, తలంటుకుని, ఆ తర్వాతే దుంపలు దంచేది. ఆలస్యంగా వచ్చిన రోజున, బావ ఓ పట్టాన ఒప్పుకోలేదా అని అద్దకంవాళ్లు ఏడిపించేవారు. ఓడిపోయాడు గనకే వచ్చానని నవ్వేది.

అందరికంటే ఎక్కువ ఏడిపించేది వర్సినా. గసగసాలంత చుక్కలు పెట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆమెకు కొన్నాళ్లుగా దగ్గు తగ్గడం లేదు. రోజూ రుబియెం మందు తాగి, తేలిగ్గా ఉందంటూ పనిలో కూర్చునేది.

ఒకరోజు వర్సినాదే మొదటి బేరం. ఆ వీధుల్లో బోణీ పట్టింపు ఇంతా అంతా కాదు. బోణీ డబ్బును సీసాలన్నిటికీ తాకించాకే రెండో బేరం. బోణీ మనిషిని వెనక్కి పంపితే ఆ చేతి మందు ఇక ఎవరికీ పడదంటారు. వర్సినా గ్లాసు పట్టుకుని, పక్కకు తిరిగి దగ్గింది. మూతి తుడుచుకున్న గుడ్డను గబుక్కున మడిచేసింది. ఆ మడతలో ఎర్రటి మరక రుబియెం కంటపడింది. తీసిన బిరడా మళ్లీ పెట్టేసింది.

"నీకు పొయ్యను. ఆస్పత్రికి పోదాం పద."

"నీ మందు నాకు పడుతోంది కదక్కా."

"గొంతు వరకైతే నా పని. ఇది లోపలిది, నా సీసాకి అందదు."

"బోణీ కాదంటావా? నా డబ్బుకేమన్నా మసంటిందా?"

రుబియెం బుట్టను అద్దకం పాక గుమ్మంలో వదిలేసి, తిడుతున్న వర్సినాను రెక్క పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. పరీక్షల్లో క్షయ అని తేలింది. నెలల తరబడి మాత్రలు మింగాలన్నారు.

ఊళ్లో మాత్రం రుబియెం చెయ్యి చెడిందన్నారు. అద్దకంవాళ్లు వేరే ఆమె దగ్గర తాగడం మొదలుపెట్టారు. రుబియెం నిండు సీసాలతో వెళ్లి నిండు సీసాలతోనే తిరిగొచ్చేది. మిగిలింది అరటి మొదట్లో పారబోసి, మర్నాడు మళ్లీ దంచేది. నాకైతే ఆ ఓర్పు ఏ జన్మకీ రాదు. పైగా రోజూ వర్సినా ఇంటికి వెళ్లి, మాత్రలు మింగేదాకా ఎదురుగా కూర్చునేది. మాత్రలకు కడుపులో తిప్పుతోందంటే, నర్సమ్మను అడిగి, ఆమె సరేనన్నాకే కాసిని అల్లం నీళ్లు ఇచ్చేది.

నెలలు గడిచి, ఆస్పత్రివాళ్లు నయమైందన్నాక వర్సినా మళ్లీ పనిలోకి వచ్చింది. రుబియెం అలవాటుగా గుమ్మంలోకి రాగానే, అందరూ వింటుండగా వర్సినా అడిగింది.

"ఆ రోజు నా గ్లాసు నింపుంటే నీ బేరాలు పోయేవి కావు కదక్కా?"

"నింపుంటే తాగేదానివి" అంది రుబియెం. "సాయంత్రానికి కాస్త తేలిగ్గా ఉండేది. తేలిగ్గా ఉంది కదా అని మర్నాడూ వచ్చేదానివి. అట్లా నా మందు మెచ్చుకుంటూనే చచ్చిపోయేదానివి."